చాప మీద కూర్చుని సఫర్

పరీక్షలు ముగిశాయి. బళ్ళకు తాళాలు పడ్డాయి. కడప, కర్నూలు, గుంటూరు, రామగుండం, ఏ ఊరు చూసినా మధ్యాహ్నం పన్నెండు దాటితే వీధిలో మనిషి అలికిడి ఉండదు. జుహర్ నమాజు చేసుకుని, నాలుగు ముద్దలు తిని, తలుపులు దగ్గరగా వేసుకుని ఇంటిల్లిపాదీ నడుం వాల్చే రోజులివి. సరిగ్గా ఆ వేళకే పిల్లలు మొదలుపెడతారు: "ఈ సెలవులకు మనం ఎక్కడికి పోతున్నాం అబ్బా?"

పక్కింటివారు ఊటీ వెళ్ళారట. ఎదురింటివారు కాశ్మీరుకు టికెట్లు తీశారట. ఐదుగురున్న కుటుంబం రైలెక్కి ఊటీ చేరి, రెండు రాత్రులు లాడ్జీలో ఉండి తిరిగి వచ్చేసరికి నెల సంపాదన ఎటుపోయిందో తెలియదు. చిన్న కొట్టు నడుపుకునేవారికి, ఆటో తోలేవారికి, మిషన్ కుట్టి ఇల్లు నెట్టుకొచ్చే తల్లికి ఆ మాట ఎత్తాలన్నా భారమే. చివరకు నానీ ఇంటికో, ఖాలా ఇంటికో వెళ్ళి నాలుగు రోజులుండి రావడంతో సెలవులు గడిచిపోతాయి. అందులో చిన్నతనమేమీ లేదు. నానీ ఇంటి మామిడిచెట్టు నీడకు ఏ హిల్‌స్టేషనూ సాటిరాదు.

అయినా పిల్లవాడి మనసు దూరాలు కోరుకుంటుంది. కోరుకోవాలి కూడా. ఆ కోరికకు దారి ఒకటి మన ఇళ్ళలోనే ఉంది. చాలాచోట్ల అది అటక మీద, దాదా కాలం నాటి ట్రంకుపెట్టెలో ఉంది. సఫర్‌నామాలు, అంటే యాత్రాగ్రంథాలు. ఈ వారం మేము వాటిని గురించే ముచ్చటించదలిచాం. పుస్తకం చదివితే ఉక్కపోత తగ్గుతుందని మేము చెప్పబోవడం లేదు. కరెంటు పోతే పుస్తకమే విసనకర్ర అవుతుంది, అంతే.

కదలకుండా లోకం చూసిన రాజు

కూర్చున్న చోటి నుంచి లోకాన్ని చూడాలన్న కోరిక పాతదే. 12వ శతాబ్దంలో సిసిలీ ద్వీపాన్ని రెండవ రోజర్ అనే క్రైస్తవ రాజు పాలించేవాడు. ఆయన కొలువులో అల్ ఇద్రీసీ అనే ముస్లిం భూగోళ పండితుడు ఉండేవాడు. రేవుకు వచ్చిన వర్తకులను, ఓడవారిని, యాత్రికులను పిలిపించి, వారు చూసిన ఊళ్ళేమిటో, ఊరికీ ఊరికీ మధ్య దూరమెంతో అడిగి తెలుసుకునేవారు. ఒకరు చెప్పినదాన్ని మరొకరు చెప్పినదానితో పోల్చి, కుదిరినదాన్నే రాసుకునేవారు. సుమారు 15 ఏళ్ళ శ్రమ తర్వాత 1154లో 70 పటాలతో గ్రంథం పూర్తయింది. వెండి పలక మీద ప్రపంచపటం కూడా చెక్కించారు. ఆ పటాలలో దక్షిణం పైన, ఉత్తరం కింద ఉంటుంది. అలవాటు లేనివారు పటాన్ని తలకిందులుగా పట్టుకున్నామేమో అనుకుంటారు.

ఆ గ్రంథం పేరు 'నుజ్హతుల్ ముష్తాఖ్'తో మొదలవుతుంది. దిగంతాలు దాటాలని తహతహలాడేవాడికి ఉల్లాసం అని స్థూలంగా దాని అర్థం. ముష్తాఖ్ అంటే తహతహలాడేవాడు. మన వీధికొక ముష్తాఖ్ ఉంటాడు కానీ పేరుకు అర్థం తెలిసినవారు తక్కువ. గ్రంథం పూర్తయిన కొద్ది వారాలకే రోజర్ రాజు చనిపోయాడు.

ఊరగాయ గురించి రాసిన మొరాకో మనిషి

ఇక సఫర్ అనగానే అందరి నోటా వచ్చే పేరు ఇబ్నె బతూతా. 1304లో మొరాకోలోని టాంజియర్‌లో పుట్టాడు. 1325 జూన్‌లో, 21 ఏళ్ళ వయసులో హజ్ చేయాలని ఒంటరిగా బయలుదేరాడు. తోడు ఎవరూ లేరు, కలిసి నడవడానికి బిడారు కూడా లేదు. హజ్ అయింది కానీ కాలు నిలవలేదు. ఈజిప్టు, షామ్, ఇరాక్, యెమెన్, ఆఫ్రికా తూర్పుతీరం, తుర్కీ, మధ్య ఆసియా, హిందుస్తాన్, మాల్దీవులు, సిలోన్... సుమారు 24 ఏళ్ళ తర్వాత 1349లో గానీ మొరాకో మళ్ళీ చూడలేదు. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ అతనిని ఏటా 12 వేల దీనార్ల జీతంతో ఖాజీని చేశాడు. ఆ సుల్తాను దానానికి మురిసిపోవడం, మరునాడే అతని కోపానికి వణికిపోవడం, రెండూ దాచకుండా చెప్పాడు.

మన పాఠకులకు ముందుగా చూపించవలసిన పేజీ మాత్రం అది కాదు. వేసవిలో ఇంటింటా ఆవకాయ పెట్టే వేళ ఇది. ఇబ్నె బతూతా హిందుస్తాన్‌లో మామిడిచెట్టును చూసి ఆశ్చర్యపోయాడు. పచ్చి కాయలు రాలితే ఈ దేశంవారు ఉప్పు వేసి ఊరబెడతారని, తన దేశంలో నిమ్మకాయలు ఊరవేసినట్టే ఉంటుందని చెప్పాడు. అల్లం, మిరియాలు కూడా అలాగే ఊరవేసి, ముద్ద ముద్దకూ కాస్త నంజుకుంటారని గమనించాడు. ఎండుమిరపకాయ ఈ దేశానికి రావడానికి ఇంకా సుమారు రెండు శతాబ్దాల కాలం ఉంది కనుక, అది మన ఆవకాయ కాదు. కానీ నంజుకునే పద్ధతి మాత్రం మనదే! జాడీకి వాసెన కడుతున్న అమ్మకు ఈ సంగతి చదివి వినిపిస్తే, ఆరున్నర శతాబ్దాల కిందటి పుస్తకం వంటింట్లోకి వచ్చి కూర్చుంటుంది. కొబ్బరికాయను చూసి, మనిషి తలలా ఉందనీ రెండు కళ్ళు, ఒక నోరు ఉన్నాయనీ చెప్పిన చోట పిల్లలు తప్పక నవ్వుతారు.

ఎండ తీవ్రత తెలియాలంటే డమాస్కస్ నుంచి మదీనాకు పోయే ఎడారి దారి చదవాలి. ఆ దారిలోని ఒక లోయలో ఒక ఏడాది వడగాలికి నీళ్ళన్నీ ఇంకిపోయాయట. ఒక్క గుక్క నీరు వెయ్యి దీనార్లు పలికిందట. కొన్నవాడూ, అమ్మినవాడూ ఇద్దరూ దప్పికతోనే పోయారట. ఫ్రిజ్‌లో నీళ్ళసీసా చల్లబడలేదని అలిగిన పిల్లలకు ఈ పేజీ వినిపించి చూడండి.

అతను చెప్పినదంతా అక్షరసత్యమా అంటే, కాదు. వోల్గా నదీతీరాన ఉన్న బల్గార్ నగరానికి వెళ్ళి వచ్చానని అతను చెప్పిన వ్యవధిలో ఆ ప్రయాణం సాధ్యం కాదని పరిశోధకులు తేల్చారు. చైనా సంగతులను శంకించేవారూ ఉన్నారు. వెళ్ళిన చోటల్లా నికాహ్ చేసుకోవడం, భార్యాబిడ్డలను అక్కడే విడిచి ముందుకు సాగిపోవడం మాకు ఎంతమాత్రం నచ్చదు. గొప్ప యాత్రికుడైనంత మాత్రాన అన్నింటా ఆదర్శం కానక్కరలేదు కదా.

మరో ముచ్చట. ఈ పుస్తకాన్ని అతను స్వయంగా రాయలేదు. మొరాకో సుల్తాను ఆజ్ఞ మీద అతను చెబుతుంటే ఇబ్నె జుజై అనే యువ పండితుడు రాశాడు. 1355లో పూర్తయింది. ఆ దేశాలేవీ తిరగకుండానే, చెప్పింది విని వాటిని కాగితం మీద పెట్టినవాడు ఇబ్నె జుజై. అతనికి తెలియని చోట్ల అంతకు ముందరి యాత్రికుడు ఇబ్నె జుబైర్ గ్రంథం నుంచి వర్ణనలు తెచ్చి అతికించాడు కూడా. కూర్చున్న చోటి నుంచి సఫర్ చేసినవారిలో అతనిని మించినవాడు అరుదు.

గల్ఫ్‌లో అబ్బా, ఇంట్లో పటం

కడప, రాయచోటి ప్రాంతాలలోనూ, కరీంనగర్, నిజామాబాదు జిల్లాలలోనూ ఎన్నో ముస్లిం కుటుంబాలకు వేసవి అంటే ఊటీ కాదు. కువైట్ నుంచో, జిద్దా నుంచో, మస్కట్ నుంచో అబ్బా సెలవు మీద వస్తాడా రాడా అన్నదే వేసవి. పిల్లలకు ఆ ఊరి పేరు తెలుసు, ఫోనులో తండ్రి ముఖం తెలుసు. ఆ ఊరు సముద్రానికి ఏ పక్కన ఉందో, మన ఊరి నుంచి ఎంత దూరమో అడిగితే చాలామంది చెప్పలేరు.

ఇబ్నె బతూతా తిరిగిన దారిలో జిద్దా ఉంది, ఒమన్ తీరం ఉంది, హుర్ముజ్ ఉంది. కువైట్ నగరం అప్పటికి పుట్టనే లేదు. ఒమన్‌లో అతను జఫార్ అని చెప్పిన పట్టణం శిథిలాలు నేటి సలాలాలో ఉన్నాయి. యునెస్కో వారు 2000లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ పశువులకు ఎండు చేపలు మేపుతారని అతను వింతగా చెప్పుకున్నాడు. కొబ్బరి, తమలపాకు హిందుస్తాన్ తర్వాత ఇక్కడే కనిపిస్తాయన్నాడు. ఇప్పటికీ సలాలాలో కొబ్బరితోటలున్నాయి. అరబ్బు దేశాలన్నీ నిప్పులు చెరిగే జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా అక్కడ సన్నని జల్లు పడి కొండలు పచ్చబడతాయి. దీనినే ఖరీఫ్ అంటారు. మన రైతు నోట వినిపించే ఖరీఫ్ మాటే అది. ఆ రోజుల్లో గల్ఫ్‌వారంతా చల్లదనానికి అక్కడికి పోతారు. గల్ఫ్‌వారి ఊటీ అన్నమాట. ఒమన్‌లో పనిచేసే తండ్రిని ఈసారి ఫోనులో పిల్లవాడు "అబ్బా, నువ్వు సలాలా చూశావా?" అని అడిగితే, బాగున్నావా, అన్నం తిన్నావా అనే రోజువారీ మాటలు దాటి సంభాషణ ముందుకు పోతుంది.

ఈ పుస్తకంలో మరో రెండు చోట్లున్నాయి. పిల్లలకన్నా పెద్దలే వాటిని ఎక్కువగా చదవాలి. ఇబ్నె బతూతా ఇల్లు విడిచిననాటికి తల్లిదండ్రులిద్దరూ బతికే ఉన్నారు. వారిని విడిచిపోవడం మనసును పిండేసిందని మొదట్లోనే చెప్పాడు. తిరుగు ప్రయాణంలో, 1348లో, డమాస్కస్ చేరినప్పుడు టాంజియర్‌వాడైన ఒక పెద్దమనిషి కనిపించాడు. ఇంటివారి క్షేమం అడిగితే, మీ నాయన పోయి 15 ఏళ్ళయిందని, అమ్మ బతికే ఉందని చెప్పాడు. ఆ ఏళ్ళలో షామ్, ఈజిప్టు దేశాలలో మహమ్మారి వేలమందిని పొట్టన పెట్టుకుంటోంది. అతను దానిని తప్పించుకుని ఫెజ్ నగరానికి పోతూ దారిలో తాజా అనే ఊరు చేరాడు. అదే మహమ్మారి తన తల్లిని తీసుకుపోయిందన్న వార్త అక్కడ విన్నాడు. ఇల్లు ఇంకా కొద్ది రోజుల దూరమే ఉంది. లోకమంతా చూసినవాడికి తల్లి ముఖం చూసే భాగ్యం లేకపోయింది. ఊరు చేరి ఆమె ఖబ్రును దర్శించుకున్నాడు. దీని గురించి అతను ఎక్కువ మాటలు చెప్పలేదు. గల్ఫ్‌లో ఉండి తల్లి జనాజాకు అందుకోలేకపోయిన బిడ్డలున్న ఇళ్ళకు ఎక్కువ మాటలు అవసరం లేదు.

అటక మీది ఉర్దూ

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. ఇలాంటి పుస్తకాలు మన పూర్వులు ఉర్దూలో ఎన్నో రాశారు, అనువదించారు. ఇబ్నె బతూతాకు మౌల్వీ ముహమ్మద్ హుసేన్ చేసిన ఉర్దూ అనువాదం 'అజాయిబుల్ అస్ఫార్' ఉంది. ఉర్దూలో తొలి సఫర్‌నామాగా చాలామంది చెప్పే పుస్తకం రాసినవాడు మన హైదరాబాదు మనిషే. పేరు యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్, అంటే కంబళి కప్పుకున్నవాడు. 1828లో హైదరాబాదు విడిచి ఊళ్ళు తిరిగి లక్నో నవాబు కొలువులో చేరాడు. అక్కడ ఇంగ్లీషు నేర్చుకుని, రెండేళ్ళు సెలవు అడిగి, 1837లో కలకత్తాలో ఇంగ్లండుకు ఓడ ఎక్కాడు. విక్టోరియా రాణి గద్దెనెక్కిన సంవత్సరమది. అతని పుస్తకం 1847లో ఢిల్లీలో అచ్చయింది. తర్వాత 'అజాయిబాతె ఫరంగ్' పేరుతో ప్రసిద్ధికెక్కింది. రాజ్యకార్యం మీద కాదు, వ్యాపారానికీ కాదు, కేవలం చూడాలన్న కోరికతో పోయినవాడు.

మౌలానా షిబ్లీ నోమానీ 1892లో తుర్కీ, షామ్, ఈజిప్టు యాత్ర చేసి సఫర్‌నామా రాశారు. ఆయన తర్వాత కొన్నేళ్ళు హైదరాబాదులో నిజాం ప్రభుత్వ కొలువులో ఉన్నారు కూడా. ఆ యాత్రలో కొంతదూరం అలీగఢ్ కళాశాల అధ్యాపకుడు ఆర్నాల్డ్ తోడున్నాడు. ఒకరోజు నడిసముద్రంలో ఓడ ఇంజను ఆగిపోయింది. కెప్టెన్ మొదలు అందరూ కంగారు పడుతున్నారు. షిబ్లీ పరుగున వెళ్ళి చూస్తే ఆర్నాల్డ్ తాపీగా పుస్తకం చదువుకుంటున్నాడు. ఇదేమిటని అడిగితే, ఓడ మునిగేదే అయితే మిగిలిన కాసేపూ విలువైనదే కదా, వృథా చేయడమెందుకు అన్నాడట. కాసేపటికి ఇంజను బాగయింది. సెలవుల్లో 'టైం పాస్ కావడం లేదు' అనే మన యువకులకు చెప్పదగిన కథ.

స్త్రీలు వెనుకబడలేదు. భోపాల్‌ను పాలించిన సికందర్ బేగం తల్లితో కలిసి 1863-64లో హజ్‌కు వెళ్ళి అనుభవాలు రాశారు. జిద్దా సుంకంవారు పెట్టిన చికాకులు, ఊరి అపరిశుభ్రత, అన్నీ మొహమాటం లేకుండా రాశారు. దాని ఇంగ్లీషు అనువాదం 1870లో లండన్‌లో అచ్చయింది. హైదరాబాదు రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా యూరప్ యాత్ర మీద ఉర్దూలో పుస్తకం రాశారు. అంతకు మూడు శతాబ్దాల ముందు బాబర్ కుమార్తె గుల్బదన్ బేగం హజ్‌కు పోయి అరబ్బు దేశంలో మూడేళ్ళకు పైగా ఉన్నారు. ఆమె రాసిన 'హుమాయూన్‌నామా'కు దొరికిన ప్రతి అసంపూర్తిగా ఆగిపోతుంది. హజ్ సంగతులు అందులో లేవు. ఆ సముద్రయానం, ఆ ఏళ్ళు ఆమె కళ్ళతో చూసే అవకాశం మనకు లేకుండా పోయింది.

ఒక్క ప్రతి చెదిరితే ఇంత నష్టం. ఇక మన ఇళ్ళలో జరుగుతున్నది చూడండి. దాదా ఉర్దూ చదువుతారు. తండ్రి అక్షరాలు కూడబలుక్కుంటాడు. తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివే మనవడికి ఉర్దూ వింటే అర్థమవుతుంది, చూస్తే అర్థం కాదు. అరబీ అక్షరాలు మదరసాలో నేర్చుకున్నా, జిల్దు ఊడిన పాత ఉర్దూ ముద్రణ అతనికి గీతల్లాగే కనిపిస్తుంది. దాదా పోయిన మరుసటి ఏడాది ఇల్లు సున్నం వేసేటప్పుడు ట్రంకుపెట్టె దిగుతుంది. సగం చెదలు తిన్నవి, సగం పాత కాగితాలవాడి తక్కెడకు. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అలాంటి పుస్తకాలు కనిపిస్తూనే ఉంటాయి. మొదటి పేజీలో అందమైన దస్తూరీతో ఎవరి దాదా పేరో ఉంటుంది.

చదవగలిగినవారు ఇంట్లో ఉండగానే ఈ వేసవిలో ఆ పెట్టె దించమని మా మనవి. అసర్ నమాజుకు ముందో వెనుకో అరగంట చాలు. దాదా, దాదీ పైకి చదవాలి. పిల్లలు వినాలి. ఒకరు అట్లాసులో వేలు పెట్టి దారి వెతకాలి. కాస్త పెద్ద పిల్ల ఉంటే, విన్నదానిలో రోజుకొక పేజీ తెలుగు లిపిలో నోటుబుక్కులో రాయాలి. వినడానికి ఉర్దూ, రాయడానికి తెలుగు. ఇబ్నె జుజై చేసింది ఇదే పని కదా. ఇంట్లో ఉర్దూ పుస్తకాలు లేవంటారా? హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో, ఒకప్పుడు ఆసఫియా లైబ్రరీ అని పిలిచిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. పంజాగుట్టలో 1931లో డాక్టర్ జోర్ స్థాపించిన ఇదారె అదబియాతె ఉర్దూ ఉంది. రేఖ్తా వెబ్‌సైటులో పాత ఉర్దూ సఫర్‌నామాలు పేజీకి పేజీ ఉచితంగా చూడవచ్చు. కళ్ళజోడుతో ఇబ్బందిపడే దాదీకి సెల్‌ఫోనులో అక్షరం పెద్దది చేసి చూపిస్తే, అచ్చు పుస్తకం కన్నా హాయిగా చదువుతారు.

ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబాలు కోస్తాలోనూ, రాయలసీమలోనూ ఎన్నో ఉన్నాయి. వారికి మేము చెప్పేది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో, సరిగ్గా ఇలాంటి ఎండల్లోనే, పరివారంతో బయలుదేరాడు. కడప మీదుగా హైదరాబాదు, అక్కడి నుంచి నాగపూరు, కాశీ, కలకత్తా చూసుకుని, సముద్రతీరం వెంట 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. దారిలో సంగతులన్నీ ఊళ్ళో ఉన్న మిత్రుడు శ్రీనివాస పిళ్ళెకు రాసి పంపేవాడు. ఆ మిత్రుడే 1838లో అచ్చు వేయించాడు. ఆయన హిందూ భక్తుడు, పోయింది కాశీకి. కానీ ఆ పుస్తకం పెట్టే రుచి అందరిదీ. ప్రతి మజిలీలో నీళ్ళు ఎలాంటివి, అంగళ్ళు ఉన్నాయా, బస దొరుకుతుందా, బాట రాళ్ళదా ఇసుకదా అన్నీ రాశాడు. రైలు లేని రోజుల్లో మన ఊళ్ళు ఎలా ఉండేవో చూడాలంటే ఇంతకంటే మంచి పుస్తకం తెలుగులో మేము చూడలేదు. మీ ఊరు అందులో ఉందేమో వెతకడం పిల్లలకు మంచి ఆట.

బరువైనవి వద్దు, నవ్వుకోవాలి అనేవారికి హైదరాబాదు 'సియాసత్' పత్రికలో ఎదిగిన హాస్యరచయిత ముజ్తబా హుసేన్ రాసిన 'జపాన్ చలో జపాన్ చలో' ఉంది. ఆయనకు 2007లో పద్మశ్రీ వచ్చింది, 2020లో కన్నుమూశారు. ఉర్దూ తేలిక. వినిపించడం మొదలుపెట్టాల్సింది దానితోనే అని మా అభిప్రాయం. షిబ్లీ, కంబల్‌పోష్ రెండో వారానికి.

అట్లాసు ముందు కూర్చునేవారికి ఒక చిన్న సాయం. పాత పుస్తకాలలోని ఊరి పేర్లు నేటి పటంలో దొరక్క పిల్లలు విసుగుపడి లేచిపోతారు. కుస్తున్‌తునియా అని ఉంటే ఇస్తాంబుల్ వెతకండి. షామ్ అంటే ఒక్క సిరియా కాదు, పాలస్తీనా, జోర్డాన్, లెబనాన్ కూడా కలుస్తాయి. దిమిష్ఖ్ అంటే డమాస్కస్. సరందీబ్ అన్నా సైలాన్ అన్నా శ్రీలంకే. జైతూన్ అనే చైనా రేవు నేటి చువాన్‌జౌ. ఫరంగ్ అని ఉంటే ఒక దేశం కాదు, యూరప్ అంతా. జఫార్ ఎక్కడో పైన చెప్పాం.